ముందే సాగదీసిన కార్బన్ స్టీల్ ఫెటీగ్‌ను ఎలా తట్టుకుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీల్ కడ్డీని శాశ్వతంగా సాగేలా ఒకసారి లాగి వదిలేశాం. తర్వాత దాని మీద పదేపదే లోడ్ పడుతుంది. ముందు జరిగిన సాగదీత దానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లను డిజైనర్లు, షాప్ ఫ్లోర్ వాళ్లు, విద్యార్థులు తిప్పితిప్పి అడిగేది ఇదే. వాళ్లు అడిగిన వరసలోనే ఇక్కడ జవాబులు ఉన్నాయి.

ముందుగా, ఫెటీగ్ అంటే ఏమిటి?

ఒక్కసారి వేస్తే ఏమీ చేయలేని లోడ్‌నే లక్షలసార్లు వేసి తీస్తుంటే ఏదో ఒక రోజు ముక్క విరుగుతుంది. దాన్నే ఫెటీగ్ అంటాం. తెలుగులో లోహపు అలసట అని రాస్తారు గానీ ల్యాబ్‌లో ఆ మాట ఎవరి నోటా వినపడదు.

1842లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజిన్ ఇరుసు విరిగి 50 మందికి పైగా చనిపోయారు. ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయని ఇంజనీర్లు గట్టిగా ఆలోచించడం అప్పుడే మొదలైంది. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్లతరబడి పరీక్షలు చేశాడు. ఎంత స్ట్రెస్‌కు (అడ్డకోత మీద పడే లోడ్ తీవ్రత) విరిగేలోపు ఎన్ని సైకిళ్లు (లోడ్ వేసి తీసే విడతలు) వస్తాయో చూపే ఎస్-ఎన్ కర్వ్ ఆ పని నుంచి పుట్టిందే. కార్బన్ స్టీల్‌కు ఈ గీత 10 లక్షల నుంచి కోటి సైకిళ్ల మధ్య అడ్డంగా తిరుగుతుంది. గీత అడ్డంగా తిరిగే ఆ స్ట్రెస్ పేరు ఫెటీగ్ లిమిట్. స్ట్రెస్ దానికి తక్కువ ఉంటే ముక్క విరగదు. నున్నగా పాలిష్ చేసిన ముక్కకు అది టెన్సైల్ స్ట్రెంగ్త్‌లో (లాగినప్పుడు విరిగేలోపు మోయగల గరిష్ఠ స్ట్రెస్) సుమారు సగం ఉంటుంది.

ఎంత లాగితే "ముందస్తు సాగదీత" అంటారు?

వదిలేశాక మొదటి పొడవుకు తిరిగి రాకపోతే సాగదీసినట్టు. స్టీల్ ఎలాస్టిక్‌గా, అంటే వదిలేస్తే వెనక్కి వచ్చేలా, సాగేది చాలా తక్కువ. 250 మెగాపాస్కల్ (స్ట్రెస్ కొలత) యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) ఉన్న మైల్డ్ స్టీల్ 0.125 శాతం దాకా సాగి వెనక్కి వస్తుంది. అంటే మీటరు కడ్డీకి మిల్లీమీటరుంపావు. అది దాటాక సాగినదంతా కడ్డీలో ఉండిపోతుంది. ల్యాబ్‌లో 5 శాతం ప్రీస్ట్రెయిన్ (ముందస్తు సాగదీత) అంటే మీటరుకు 50 మిల్లీమీటర్లు ఉండిపోయినట్టు.

కోల్డ్ రోలింగ్, వైర్ డ్రాయింగ్, ప్రెస్‌లో వంచడం, పైపు చుట్టడం, వంకర తీయడం, పొరపాటున ఓవర్‌లోడ్ కావడం అన్నీ ఏదో ఒక రకంగా ప్రీస్ట్రెయినే. అంటే మనం వాడే స్టీల్‌లో చాలా భాగం చేతికి వచ్చేసరికే ఎంతోకొంత సాగి ఉంటుంది.

బోల్టును బిగించినప్పుడు సాగుతుంది కదా, అదీ ఇదేనా?

కాదు. మామూలుగా బిగించిన బోల్టు ఎలాస్టిక్‌గానే సాగుతుంది, విప్పితే వెనక్కి వస్తుంది. ఆ బిగింపు వల్ల బయటి లోడ్‌లో కొంతే బోల్టు దాకా చేరుతుంది కాబట్టి ఫెటీగ్‌కు మంచిదే, కానీ ఆ లెక్క వేరు. కొన్ని ఇంజిన్ హెడ్ బోల్టులను మాత్రం యీల్డ్ దాటేదాకా బిగిస్తారు. అవి నిజంగానే శాశ్వతంగా సాగుతాయి. అందుకే విప్పాక మళ్లీ వాడొద్దంటారు.

ఒక్క మాటలో చెప్పండి: లైఫ్ పెరుగుతుందా, తగ్గుతుందా?

ఒక్క మాటలో చెప్పేవాళ్లను నమ్మకండి. స్ట్రెస్ తక్కువగా, సైకిళ్లు లక్షల్లో ఉండి, ముక్క నున్నగా ఉంటే సాధారణంగా పెరుగుతుంది. ప్రతి సైకిల్‌లోనూ ముక్క గట్టిగా సాగి ముడుచుకుంటూ కొన్ని వందలు, వేల సైకిళ్లలోనే విరిగే పని అయితే సాధారణంగా తగ్గుతుంది. గాడి, రంధ్రం, వంపు ఉన్న భాగంలో ఆ సాగదీత ఏ దిశలో జరిగిందన్నదే తేలుస్తుంది. ఇందులో అతి ముఖ్యమైనది ఈ మూడోదే. పుస్తకాల్లో ఎక్కువ పేజీలు దొరికేది మొదటిదానికి.

సాగదీసినప్పుడు స్టీల్ లోపల ఏం జరుగుతుంది?

లోహం సాగడమంటే దాని స్ఫటికాల్లో డిస్లొకేషన్లు అనే వరస తప్పిన గీతలు కదలడం. మెత్తగా ఎనీల్ చేసిన (వేడి చేసి మెల్లగా చల్లార్చిన) స్టీల్‌లో ఇవి తక్కువ. సాగేకొద్దీ ఒకదానికొకటి అడ్డుపడుతూ వందల, వేల రెట్లు పెరుగుతాయి. చిక్కుపడ్డ దారపు ఉండలో ఒక్క దారాన్ని లాగాలంటే ఎంత కష్టమో మీకు తెలుసు. ఇదీ అంతే. మళ్లీ సాగాలంటే ఇంకా ఎక్కువ స్ట్రెస్ కావాలి. యీల్డ్ పెరుగుతుంది, గట్టిదనం పెరుగుతుంది, మిగిలిన సాగే గుణం తగ్గుతుంది.

ఫెటీగ్ పగులు పుట్టేది కూడా ఈ డిస్లొకేషన్ల కదలిక నుంచే. 1903లో ఈవింగ్, హంఫ్రీ పాలిష్ చేసిన స్వీడిష్ ఐరన్ ముక్కల మీద పదేపదే లోడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూశారు. ముందు కొన్ని రేణువుల్లో (లోహపు స్ఫటికాల్లో) సన్నటి స్లిప్ (జారిన) గీతలు కనిపించాయి, సైకిళ్లు పెరిగేకొద్దీ అవి వెడల్పయ్యాయి, చివరికి అవే పగుళ్లయ్యాయి. డిస్లొకేషన్లు కదలడం కష్టమైతే స్లిప్ గీతలు పుట్టడమూ కష్టమే. హై సైకిల్ ఫెటీగ్‌లో, అంటే లక్షల సైకిళ్ల పనిలో, ప్రీస్ట్రెయిన్ మేలు చేసేది ఇందుకే.

అయితే ఫెటీగ్ లిమిట్ ఎంత పెరుగుతుందో లెక్క వేయొచ్చా?

చేతి లెక్క ఒకటుంది. వికర్స్ గట్టిదనం (వజ్రపు మొనతో నొక్కి కొలిచే అంకె) 400 లోపు ఉన్న స్టీల్‌లో, నున్నటి ముక్కకు, మెగాపాస్కల్‌లో ఫెటీగ్ లిమిట్ సుమారు గట్టిదనానికి 1.6 రెట్లు. గట్టిదనం 130 అయితే 208 వస్తుంది. సాగదీత వల్ల గట్టిదనం 160 అయిందనుకుంటే ఈ సూత్రం 256 అంటుంది.

అంత వస్తుందని రాసి ఇవ్వకండి. సాగదీసి తెచ్చుకున్న గట్టిదనం పదేపదే లోడ్ పడేకొద్దీ కొంత జారిపోతుంది. దాన్ని సైక్లిక్ సాఫ్టెనింగ్ అంటారు. టెన్సైల్ స్ట్రెంగ్త్‌కూ యీల్డ్‌కూ నిష్పత్తి 1.4 కంటే ఎక్కువ ఉన్న లోహం సైకిళ్లతో గట్టిపడుతుంది, 1.2 కంటే తక్కువ ఉన్నది మెత్తబడుతుంది అని పాత అనుభవ సూత్రం. యీల్డ్ 280, టెన్సైల్ 450 ఉన్న స్టీల్ నిష్పత్తి 1.6, అంటే గట్టిపడే రకం. దాన్నే 10 శాతం సాగదీసి చూద్దాం. ఆ క్షణంలో లోడ్‌ను పాత అడ్డకోతతో భాగిస్తే 430 వచ్చిందనుకోండి. కడ్డీ సన్నబడింది కాబట్టి కొత్త అడ్డకోత మీద అది 473. ఇదే ఇక కొత్త యీల్డ్. కడ్డీ మోయగల గరిష్ఠ లోడ్ మారలేదు గానీ అడ్డకోత తగ్గినందున టెన్సైల్ 450 నుంచి 495 అవుతుంది. కొత్త నిష్పత్తి 1.05. గట్టిపడే లోహం కాస్తా మెత్తబడే లోహమైంది. అందుకే ఫెటీగ్ లిమిట్ పెరుగుదల యీల్డ్ పెరుగుదలకు ఎప్పుడూ వెనకే ఉంటుంది.

కొద్దిగా సాగదీస్తే లాభం లేకపోగా నష్టమని విన్నాను. నిజమేనా?

మైల్డ్ స్టీల్‌లో ఇది నిజంగానే జరగొచ్చు. దీనికి కారణం కార్బన్, నైట్రోజన్ అణువులు. చాలా చిన్నవి కాబట్టి ఇవి డిస్లొకేషన్ల చుట్టూ చేరి వాటిని కట్టేసినట్టు పట్టుకుంటాయి. 1949లో కాట్రెల్, బిల్బీ దీన్ని లెక్కలతో వివరించారు. మైల్డ్ స్టీల్‌కు స్పష్టమైన యీల్డ్ పాయింట్ ఉండేది ఈ కట్టు వల్లే. యూటీఎంలో (లాగి పరీక్షించే మిషన్) హాట్ రోల్డ్ కడ్డీని లాగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. డయల్ ముల్లు పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారి ఆగి, కొద్దిగా వెనక్కి పడి, అక్కడే తచ్చాడుతుంది. ఆ సమయంలో కడ్డీ మీది నల్లటి పొలుసు సుమారు 45 డిగ్రీల ఏటవాలు గీతలుగా పగిలి చిటచిటా రాలుతుంది. లూడర్స్ బ్యాండ్‌లంటే అవే. కట్టు తెంచుకున్న డిస్లొకేషన్లు గుంపుగా కదులుతూ కడ్డీ పొడవునా పాకుతున్నాయన్నమాట.

ఒకటి రెండు శాతం సాగదీసి ఆపేస్తే అప్పటికి కట్టు తెగింది, కానీ అడ్డుపడేంత చిక్కు ఇంకా పడలేదు. అలాంటి ముక్కను వెంటనే ఫెటీగ్ మిషన్‌లో పెడితే సులువుగా కదిలే డిస్లొకేషన్లు లోపల సిద్ధంగా ఉంటాయి. ఫెటీగ్ లిమిట్ మారకపోవచ్చు, కొన్నిసార్లు కొద్దిగా తగ్గొచ్చు కూడా. ఇంకా సాగదీసేకొద్దీ చిక్కు పెరిగి లాభం కనిపిస్తుంది.

సాగదీసిన ముక్కను కొన్నాళ్లు పక్కన పెడితే మారుతుందా?

మారుతుంది. కార్బన్, నైట్రోజన్ మెల్లగా కదిలి కొత్త డిస్లొకేషన్ల చుట్టూ మళ్లీ చేరతాయి. దీని పేరు స్ట్రెయిన్ ఏజింగ్. గది వేడిమిలో రోజులు, నెలలు పట్టేది 100 డిగ్రీల్లో గంటల్లోనే అయిపోతుంది. కార్ల షీట్ మెటల్‌లో దీన్ని కావాలనే వాడుకుంటారు. షీట్ ప్రెస్‌లో కొద్దిగా సాగుతుంది, తర్వాత పెయింట్ ఓవెన్‌లో సుమారు 170 డిగ్రీల్లో 20 నిమిషాలు కాలేసరికి గట్టిపడుతుంది. అదే బేక్ హార్డెనింగ్.

హై సైకిల్ ఫెటీగ్‌కు ఏజింగ్ సాధారణంగా మేలే చేస్తుంది. చిక్కు అలాగే ఉంటుంది, దానికి తోడు కొత్త కట్టు పడుతుంది. ధర మాత్రం దెబ్బకు తట్టుకునే గుణంలో చెల్లించాలి. ఏజ్ అయిన స్టీల్ చలిలో పెళుసుగా విరిగే ప్రమాదం పెరుగుతుంది. ఫెటీగ్ పగులు చివరి దశలో ఎంత పెద్దదయ్యాక ముక్క విరుగుతుందన్నది ఈ గుణం మీదే ఆధారపడుతుంది. ఎస్-ఎన్ కర్వ్ ఒక్కటే చూసి సంబరపడేవాళ్లు మర్చిపోయేది దీన్నే.

రిపోర్టులో "5 శాతం ప్రీస్ట్రెయిన్" అని మాత్రమే ఉండి, సాగదీతకూ పరీక్షకూ మధ్య ఎంత సమయం, ఎంత వేడి గడిచిందో లేకపోతే ఆ ఫలితాన్ని ఇంకొక దానితో పోల్చకండి.

లో సైకిల్ ఫెటీగ్‌లో నష్టం ఎందుకు?

ఇక్కడ ముక్క ప్రతి సైకిల్‌లోనూ ప్లాస్టిక్‌గా (యీల్డ్ దాటి) సాగుతుంది, ముడుచుకుంటుంది. భూకంపంలో ఊగే ఫ్రేమ్, వేడెక్కి చల్లారే పైపు ఇలాంటివే. ఇక్కడ లైఫ్‌ను నిర్ణయించేది బలం కంటే సాగే గుణం. ప్రీస్ట్రెయిన్ అందులోంచి కొంత ముందే ఖర్చుపెట్టేసింది.

ఎంత ఖర్చయిందో మోటుగా లెక్క వేయొచ్చు. టెన్సైల్ టెస్ట్‌లో విరిగిన చోట అడ్డకోత 60 శాతం తగ్గే స్టీల్ తీసుకోండి. విరిగేలోపు దాని నిజ స్ట్రెయిన్ (ప్రతి క్షణం ఉన్న పొడవు మీద లెక్కేసిన సాగుడు) 0.92 దాకా వెళ్లినట్టు. 10 శాతం సాగదీత అంటే నిజ స్ట్రెయిన్‌లో 0.095. సుమారు పదో వంతు పోయి 0.82 మిగిలింది. ప్లాస్టిక్ సాగుడుకూ సైకిళ్ల సంఖ్యకూ సంబంధం చెప్పే కాఫిన్-మాన్సన్ సూత్రంలో ఘాతం మైనస్ 0.6 అని తీసుకుంటే, పెద్ద స్ట్రెయిన్ దగ్గర లైఫ్ 17 శాతం వరకు తగ్గుతుంది. 20 శాతం సాగదీస్తే 31 శాతం వరకు తగ్గుతుంది. ఫెటీగ్ ఫలితాల్లో సహజంగా ఉండే చెదురుతో పోలిస్తే 17 శాతం పెద్ద తేడా కాదు. ఒకే బ్యాచ్ ముక్కలు రెండింటి మధ్యే రెట్టింపు తేడా రావడం మామూలే. అందుకే ఐదారు ముక్కలు పరీక్షించి "ప్రీస్ట్రెయిన్ ప్రభావం లేదు" అని తేల్చేయడం చాలా తేలిక, చాలా ప్రమాదం కూడా.

ఒకే ప్రీస్ట్రెయిన్‌కు రెండు ల్యాబ్‌లు ఎదురెదురు ఫలితాలు ఇచ్చాయి. ఎవరిది తప్పు?

బహుశా ఎవరిదీ కాదు. ఒకరు లోడ్‌ను స్థిరంగా ఉంచి ఉంటారు, ఇంకొకరు స్ట్రెయిన్‌ను. లోడ్ స్థిరంగా ఉంటే గట్టిపడిన స్టీల్ ప్రతి సైకిల్‌లోనూ తక్కువ సాగుతుంది, లైఫ్ పెరుగుతుంది. స్ట్రెయిన్ స్థిరంగా ఉంటే అదే గట్టి స్టీల్‌ను అంతే సాగదీయడానికి మిషన్ ఎక్కువ స్ట్రెస్ వేస్తుంది, లైఫ్ తగ్గుతుంది. స్టీల్ ఒకటే, ప్రశ్నలే వేరు. మీ భాగం అసలు పనిలో దేన్ని ఎదుర్కొంటుందో చూసి ఆ ల్యాబ్ ఫలితం తీసుకోండి. వేలాడే బరువు అయితే లోడ్, చుట్టూ ఉన్న పెద్ద ఎలాస్టిక్ నిర్మాణం నొక్కిపట్టిన చిన్న మూల అయితే స్ట్రెయిన్.

బౌషింగర్ ఎఫెక్ట్‌కు ఇక్కడ ఏం పని?

1880ల్లో మ్యూనిక్‌లో యోహాన్ బౌషింగర్ గమనించినది ఇది: లాగి సాగదీసిన స్టీల్‌ను మళ్లీ లాగితే యీల్డ్ పెరిగి ఉంటుంది, కానీ నొక్కితే మామూలు కంటే తక్కువకే యీల్డ్ అవుతుంది. లాగినప్పుడు అడ్డంకుల ముందు పోగుపడ్డ డిస్లొకేషన్లకు వెనక్కి వెళ్లడం సులువు. ఫెటీగ్‌లో లాగడం, నొక్కడం రెండూ ఉంటే లాగే దిశలో వచ్చిన లాభంలో కొంత నొక్కే దిశలో పోతుంది. సైకిళ్లు గడిచేకొద్దీ ఈ తేడా చాలావరకు చెరిగిపోతుంది, మొదటి కొన్ని సైకిళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

గాడి, రంధ్రం ఉన్న భాగాన్ని సాగదీస్తే?

నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే. నున్నటి కడ్డీని లాగితే అంతా ఒకేలా సాగుతుంది, వదిలేశాక లోపల పెద్దగా రెసిడ్యువల్ స్ట్రెస్ (లోడ్ తీసేశాక కూడా ఉండిపోయే స్ట్రెస్) మిగలదు. రంధ్రం ఉన్న ప్లేట్ అలా కాదు. రంధ్రం అంచు ముందుగా యీల్డ్ అవుతుంది, చుట్టూ ఉన్న లోహం ఎలాస్టిక్‌గానే ఉంటుంది. వదిలేశాక చుట్టూ ఉన్నది వెనక్కి ముడుచుకుంటూ, సాగిపోయిన అంచును నొక్కేస్తుంది.

అంకెల్లో చూద్దాం. ప్లేట్ యీల్డ్ 300 మెగాపాస్కల్, గుండ్రటి రంధ్రం దగ్గర స్ట్రెస్ మూడు రెట్లు. ప్లేట్ మీద 150 వేసి లాగితే అంచు దగ్గర లెక్క ప్రకారం 450 రావాలి, కానీ 300 దగ్గరే యీల్డ్ అయి ఆగుతుంది. వదిలేసినప్పుడు మాత్రం పూర్తి 450 తగ్గుతుంది. 300లోంచి 450 తీస్తే మైనస్ 150. అంటే లోడ్ లేకుండానే అంచు 150 నొక్కుడులో ఉంది. ఇక రోజువారీ లోడ్ ప్లేట్ మీద 0 నుంచి 50, అంచు దగ్గర 0 నుంచి 150 అనుకోండి. నొక్కుడుతో కలిపితే అంచు మైనస్ 150కీ 0కీ మధ్య ఊగుతుంది. పగులు తెరుచుకునే లాగుడే లేదు.

ఇప్పుడు అదే ప్లేట్‌ను మొదట 150తో నొక్కారనుకోండి. అంతా తలకిందులు. అంచులో 150 లాగుడు మిగులుతుంది, రోజువారీ లోడ్‌తో అది 150 నుంచి 300 దాకా, అంటే యీల్డ్ దాకా ఊగుతుంది. ప్లేట్ అదే, రోజువారీ లోడ్ అదే, మొదటిసారి పడిన దిశ ఒక్కటే తేడా. ఒకటి దాదాపు ఎప్పటికీ విరగకపోవచ్చు, ఇంకొకటి తొందరగా పగులుతుంది. బయటి నుంచి కేవలం నొక్కుడు లోడ్ పడే భాగాల్లో కూడా గాడి దగ్గర పగుళ్లు వస్తుంటాయి, కారణం ఈ మిగిలిన లాగుడే.

ఈ సూత్రాన్ని పరిశ్రమ ఎప్పటినుంచో వాడుకుంటోంది. లింకు చైన్‌లను తయారీలోనే పని లోడ్ కంటే చాలా ఎక్కువతో లాగుతారు. స్ప్రింగులను వాడే దిశలోనే ముందుగా అతిగా నొక్కి సెట్ చేస్తారు. తుపాకీ గొట్టాలు, హై ప్రెషర్ పైపుల లోపలి గోడను ప్రెషర్‌తో యీల్డ్ చేసే ఆటోఫ్రెటేజ్ కూడా ఈ కుటుంబమే. అన్నింటిలోనూ నియమం ఒక్కటే: పనిలో పడబోయే దిశలోనే ముందు సాగదీయాలి.

వంచిన కడ్డీలో పగులు లోపలి వైపు ఎందుకు మొదలవుతుంది?

చాలామంది బయటి వైపే చూస్తారు, అక్కడే ఎక్కువ సాగింది కదా అని. కానీ వంచి వదిలేయగానే కడ్డీ కొద్దిగా వెనక్కి తెరుచుకుంటుంది. సాగిన బయటి చర్మంలో నొక్కుడు మిగులుతుంది, నొక్కుకుపోయిన లోపలి చర్మంలో లాగుడు మిగులుతుంది. రిబ్‌లున్న కడ్డీ అయితే లోపలి వైపు రిబ్ అడుగున సన్నటి పగుళ్లు కూడా పడి ఉండొచ్చు. కాంక్రీట్ నిర్మాణాల యూరప్ ప్రమాణం యూరోకోడ్ 2 వంచిన రీబార్ (కాంక్రీట్‌లో వేసే కడ్డీ) ఫెటీగ్ బలాన్ని ఒక గుణకంతో తగ్గిస్తుంది. మాండ్రెల్ (కడ్డీని చుట్టి వంచే గుండ్రటి దిమ్మ) వ్యాసాన్ని కడ్డీ వ్యాసంతో భాగించి, 0.026తో గుణించి, 0.35 కలపాలి. మాండ్రెల్ కడ్డీకి 10 రెట్లుంటే 0.61. నాలుగు రెట్లే ఉంటే 0.45, అంటే సగానికి పైగా పోయినట్టే.

వంగిన షాఫ్ట్‌ను ప్రెస్‌లో పెట్టి తిన్నగా చేసినా ఇదే కథ. తిన్నగా కనిపిస్తుంది గానీ ఒక పక్క చర్మంలో లాగుడు దాక్కుని ఉంటుంది. తిరిగే షాఫ్ట్‌లో ప్రతి పక్కా వంతులవారీగా లాగుడులోకి వస్తుంది కాబట్టి ఆ పక్క తప్పించుకునే వీల్లేదు.

పగులు ఇప్పటికే ఉంటే, అది పెరిగే వేగం మారుతుందా?

మామూలు వేగంతో పెరిగే దశలో పెద్దగా మారదు. ఫెర్రైట్ (మెత్తటి ఇనుము), పెర్లైట్ (ఫెర్రైట్, గట్టి సిమెంటైట్ పలకల పొరలు) కలిసిన స్టీళ్లన్నీ, బలం ఎంతైనా, దాదాపు ఒకే గీత మీద పడతాయి. పగులు మొన దగ్గరి స్ట్రెస్ తీవ్రత రెట్టింపైతే వేగం సుమారు ఎనిమిది రెట్లు. ప్రీస్ట్రెయిన్ లాభం పగులు పుట్టడాన్ని ఆలస్యం చేయడంలోనే ఉంటుంది. ముందే వెల్డ్ లోపమో గీతో ఉన్న భాగానికి ఆ లాభం అందదు. పగులు ఉన్న భాగం మీద మధ్యలో ఒక పెద్ద లాగుడు లోడ్ పడితే మాత్రం పగులు కొంతసేపు నెమ్మదిస్తుంది. మొన దగ్గర నొక్కుడు మిగలడమే కారణం.

ల్యాబ్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు ఏది?

పాత వ్యాసంతో స్ట్రెస్ లెక్కేయడం. 10 మిల్లీమీటర్ల కడ్డీని 10 శాతం సాగదీస్తే వ్యాసం 9.53 అవుతుంది. కంటికి తేడా తెలియదు, వెర్నియర్ పెడితేనే తెలుస్తుంది. రొటేటింగ్ బెండింగ్ మిషన్‌లో (ముక్కను వంచి తిప్పే ఫెటీగ్ మిషన్) స్ట్రెస్ వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, షీట్‌లో 200 అని రాసుకున్న చోట ముక్క అసలు చూస్తున్నది 230. "సాగదీస్తే ఫెటీగ్ తగ్గింది" అని రాసుకుని, రెండు రోజుల తర్వాత వెర్నియర్ చేతిలోకి తీసుకుని తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

రెండోది ఉపరితలం. పూర్తయిన ముక్కను సాగదీస్తే దాని చర్మం గరుకవుతుంది, సల్ఫైడ్ మలినాల దగ్గర, పెర్లైట్‌లోని సిమెంటైట్ (ఇనుప కార్బైడ్) పలకల దగ్గర సన్నటి పగుళ్లు పడొచ్చు. లావు కడ్డీని ముందు సాగదీసి, తర్వాత అందులోంచి లేత్ మీద ముక్క తిప్పి, ఎమెరీ పేపర్‌తో పొడవు దిశలో నునుపు చేస్తే ఆ చర్మం పోతుంది. రెండు పద్ధతులూ సరైనవే. మొదటిది అసలు భాగం ప్రవర్తనను చూపిస్తుంది, రెండోది లోహం ప్రవర్తనను. ఏది చేశారో రాయాలి.

ఓపిక కూడా కావాలి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే మిషన్ మీద కోటి సైకిళ్లకు 55 గంటలు దాటుతుంది. ఒక్క ముక్కకే.

తీగలను విపరీతంగా సాగదీస్తారు కదా, అవి ఎందుకు విరగవు?

తీగను లాగేది డై (సన్నటి రంధ్రమున్న అచ్చు) గుండా. చుట్టూ నొక్కుతూ లాగడం వల్ల లోహం మామూలు టెన్సైల్ టెస్ట్‌లో విరిగే స్ట్రెయిన్‌ను ఎంతో దాటి సాగగలదు. పెర్లైట్ పలకలు తీగ పొడవునా వరసకు వచ్చి సన్నబడతాయి. 1998లో తెరిచిన జపాన్ అకాషి కైక్యో వంతెన కేబుళ్లలోని 5.23 మిల్లీమీటర్ల తీగల బలం సుమారు 1,800 మెగాపాస్కల్, మైల్డ్ స్టీల్‌కు నాలుగు రెట్లు. అయితే డ్రాయింగ్ తీగ చర్మంలో లాగుడు రెసిడ్యువల్ స్ట్రెస్‌ను వదులుతుంది. దాన్ని తగ్గించడానికే చివర్లో చాలా తేలికపాటి పాస్ ఇవ్వడం, లేదా లాగి పట్టుకుని వేడి చేయడం. ఇంత గట్టి లోహం గీతలకు, తుప్పు గుంటలకు చాలా సున్నితం. చిన్న గీత కూడా లెక్కలోకి వస్తుంది.

వేడి చేస్తే సాగదీత ప్రభావం పోతుందా?

550 నుంచి 650 డిగ్రీల్లో స్ట్రెస్ రిలీఫ్ చేస్తే రెసిడ్యువల్ స్ట్రెస్ చాలావరకు పోతుంది, గట్టిదనం కూడా కొంత తగ్గుతుంది. ఎక్కువగా సాగిన స్టీల్‌లో ఈ వేడికే కొత్త రేణువులు పుట్టి అంతా మొదటికి రావొచ్చు. మీ భాగంలో మిగిలింది మంచి నొక్కుడు అయితే వేడి దాన్ని కూడా తీసేస్తుందని గుర్తుంచుకోండి. "ఎందుకైనా మంచిది, ఒకసారి కాల్చేద్దాం" అనేది ఇక్కడ పనికిరాదు. ఒకసారి పడ్డ పగుళ్లను మాత్రం ఏ వేడీ మాన్పలేదు.

సాగిన భాగాన్ని వెల్డ్ చేయొచ్చా? గాల్వనైజ్ చేయొచ్చా?

వెల్డ్ చేస్తే ఆ చోట సాగదీత లాభం కాలిపోతుంది. అయినా వెల్డ్ జాయింట్ ఫెటీగ్ బలం వెల్డ్ అంచు ఆకారం మీద ఆధారపడుతుంది తప్ప స్టీల్ బలం మీద దాదాపు ఆధారపడదు. గాల్వనైజింగ్‌లో జింక్ తొట్టి సుమారు 450 డిగ్రీలు ఉంటుంది. బిగువుగా వంచిన మైల్డ్ స్టీల్ ఆ వేడికి నిమిషాల్లో ఏజ్ అయి వంపు దగ్గర పెళుసెక్కవచ్చు. వంపు వ్యాసం పెద్దదిగా ఉంచడం, లేదంటే తొట్టిలో ముంచేముందే స్ట్రెస్ రిలీఫ్ చేయడం దీనికి మందు.

తుప్పు పట్టే చోట?

అక్కడ కార్బన్ స్టీల్‌కు ఫెటీగ్ లిమిట్ అనేదే ఉండదు. గీత అడ్డంగా తిరగకుండా దిగుతూనే పోతుంది. సాగదీత ఇచ్చిన గట్టిదనాన్ని తుప్పు గుంట తినేస్తుంది. ముందు పూత సంగతి చూడండి.

ఓవర్‌లోడ్ అయి కొద్దిగా సాగిపోయిన భాగాన్ని మళ్లీ వాడొచ్చా?

మనుషుల తలల మీదుగా బరువులెత్తే హుక్, చైన్, షాకిల్ అయితే వద్దు, చర్చే అక్కర్లేదు. మిగతా వాటికి ముందు మూడు విషయాలు కనుక్కోండి: ఎక్కడ సాగింది, ఏ దిశలో, ఎంత. వ్యాసం నాలుగైదు చోట్ల కొలవండి. ఒకేచోట సన్నబడి మెడలా కనిపిస్తే పక్కన పడేయండి. లాగుడు దిశలోనే సమానంగా సాగిన నున్నటి కడ్డీ, పని లోడ్ కూడా లాగుడే అయితే, డై పెనెట్రెంట్ లేదా మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్‌లో పగులు లేదని తేలితే, కొత్త వ్యాసంతో లెక్క వేసి వాడుకోవచ్చు. వంగి ఉంటే, లేదా గాడి ఉన్న చోట నొక్కుకుపోయి ఉంటే, పగులు కనిపించకపోయినా వదిలేయండి. ఆ లాగుడు స్ట్రెస్ డై పెనెట్రెంట్‌కు దొరకదు.